సాబిరా నవ్విన చోట

నలభై ఒకటో పేజీలో ఎర్ర సిరా ఎక్కువగా ఉంది. సాబిరా ఆ కాగితాన్ని మానిటర్ పక్కనున్న క్లిప్పుకి తగిలించి, కళ్ళజోడు పైకి తోసుకుని, కొట్టేసిన వాక్యాన్నే ముందు చదివింది.

“మా ఆయన పోయేదాకా ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదండీ. నేను సందిస్తేగా!”

దాని మీద అడ్డంగా గీత. మార్జిన్‌లో పాండురంగారావు గారి గుండ్రటి దస్తూరి: “నా భర్త మితభాషి.”

కర్సర్‌ని వాక్యం చివరికి తీసుకెళ్ళి చెరిపే మీట నొక్కింది. అక్షరాలు కుడి నుంచి ఎడమకి ఒక్కొక్కటే పోయాయి. ‘సందిస్తేగా’ పోయింది. ‘నేను’ పోయింది. ‘పల్లెత్తు మాట’ దగ్గర వేలు కాసేపు ఆగింది. ఆగితే ఒరిగేదేముంది? మళ్ళీ నొక్కింది. మార్జిన్‌లోని మూడు మాటలూ టైపు చేసింది. పేరాలో ఒక లైను తగ్గి, కింది లైన్లన్నీ పైకి జరిగాయి, రేషన్ క్యూలో ఒకరు తప్పుకుంటే వెనకవాళ్ళు జరిగినట్టు.

బల్ల కింద అట్టపెట్టెలో ఈశ్వరప్రసాద్ మాస్టారి రాతప్రతి ఉంది, టిల్బరీ అనే పాతకాలపు అమెరికా హాస్య రచయిత కథలకి ఆయన చేసిన తెలుగు. పాత ప్రశ్నపత్రాల వెనక వైపు పెన్సిల్‌తో రాసిన రాత. ఏలూరు మొత్తం మీద ఆ రాత తడుముకోకుండా చదవగలిగేది తనొక్కతే. అందులోంచి ఆ వాక్యం ఉన్న కాగితం వెతికి తీసింది. పక్కన చిన్న టిక్కు. ఉంటుందని తెలుసు. అయినా చూడాలనిపించింది.

మాస్టారు తాడేపల్లిగూడెం నుంచి వారానికి రెండు రోజులు పాసింజరు బండిలో వచ్చి, ఈ కుర్చీ పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవారు. ఆమె టైపు చేస్తుంటే స్క్రీన్ వైపు చూసేవారు కాదు. ఆమె వేళ్ళ వైపు చూసేవారు. ఏదో ఒక వాక్యం దగ్గర నవ్వొచ్చి వేళ్ళు ఆగిపోతే, వంగి ఆ కాగితం మీద టిక్కు పెట్టుకునేవారు. పేజీ చివరిదాకా వేళ్ళు ఆగకపోతే, ఏమీ అనకుండా క్లిప్పులోంచి కాగితం లాక్కుని ఒళ్ళో పెట్టుకునేవారు. అది మళ్ళీ రాయాల్సిన పేజీ. పద్నాలుగేళ్ళు అలాగే నడిచింది. ఇప్పుడా స్టూలు మీద కాగితాల కట్ట ఉంది.

“ఏమ్మా సాబిరా, ఎంతవరకు వచ్చింది?”

పాండురంగారావు గారు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. జిరాక్స్ షాపులోకి చెప్పులు విడిచి వచ్చేవాడు ఆయనొక్కడే. రిటైరైన హెడ్మాస్టరు, సాహితీ మండలి అధ్యక్షుడు, ఒకప్పుడు మాస్టారి దగ్గర ఇంగ్లీషు చదువుకున్నవాడు. కట్ట తీసి కింద పెట్టి స్టూలు మీద కూర్చోబోతుంటే సాబిరా గబుక్కున లేచింది.

“అది కాలు ఊగుతుందండీ. ఇలా కుర్చీలో కూర్చోండి.”

స్టూలు కాలు బాగానే ఉంది. ఆయన కుర్చీలో కూర్చుని, సంచీలోంచి ఇంకో ఇరవై పేజీల ప్రూఫులు తీశారు.

“ఆదివారం సభకి హాలు ఖాయమైందమ్మా. టిల్బరీ నూట యాభయ్యో జయంతి. అమెరికాలో ఆయన సొంతూరి వాళ్ళకైనా గుర్తుందో లేదో మరి! మనం ఏలూరులో చేస్తున్నాం. మాస్టారిని వీల్‌చైర్లో స్టేజీ ఎక్కిస్తాం. దుశ్శాలువా, పుస్తకం, రెండూ ఒకేసారి.” ఆయన పైకండువా అంచు చేతిలోకి తీసుకున్నారు. “ఆయన కళ్ళముందు ఈ పుస్తకం రావాలమ్మా. అంతే నాకు.”

ఆ మాట నిజమని సాబిరాకి తెలుసు. అదే ఆమె నోరు కట్టేస్తోంది. వేళాకోళానికి మార్చేవాడైతే తిట్టుకోవచ్చు. ఈయన పైకండువాతో కళ్ళు తుడుచుకుంటూ మారుస్తున్నాడు.

“సార్, ఇక్కడ…” నలభై ఒకటి మీద వేలు పెట్టింది. “ఇక్కడ నవ్వొచ్చేదండీ.”

“నవ్వు వద్దన్నానా అమ్మా? రావాలి. కానీ పెదవి దాటకూడదు. మాస్టారి స్థాయి మనిషి మొగుడూ పెళ్ళాల హాస్యం రాశాడంటే రేపు పిల్లలకి పాఠం ఎలా పెడతారు చెప్పు?”

“మరి కొల్లేరు కథంతా తీసేశారేంటండీ?”

ఆయన గొంతు తగ్గించారు. “పుస్తకం అచ్చు వేయిస్తున్నది కొల్లేట్లో చేపల చెరువులున్న గుండుగొలను రైతు. రెండో పేజీలో ఆయన ఫొటో వేసి, తొంభయ్యో పేజీలో సరస్సుని దొంగలెత్తుకుపోయారంటే ఎలాగమ్మా? నువ్వే చెప్పు.”

అవతలి బల్ల దగ్గర జిరాక్స్ తీస్తున్న హుస్సేన్ మామూ తలెత్తి, ఊరుకో అన్నట్టు కనుబొమ్మలు కదిపాడు. షాపు ఆయనది. అయినా ఆమె నోట్లోంచి ఒక్క మాట జారింది.

“మాస్టారు ఒప్పుకున్నారాండీ?”

పాండురంగారావు గారి మొహం చిన్నబోయింది. చేతిలో ప్రూఫులు బల్ల మీద పెట్టి, అంచులు సరిగ్గా కలిపారు.

“ఆయన నాకు గురువమ్మా. ఆయనకి ఇష్టం లేని పని నేను చేస్తానా? సరే. బుధవారం నువ్వే వెళ్ళు. అన్నీ చదివి వినిపించు. ఆయన వద్దంటే మాస్టారు రాసిన ఫైలే విజయవాడ ప్రెస్సుకి పంపిద్దాం. గుండుగొలను ఆయనకి నేను సమాధానం చెప్పుకుంటాను. ఇది నా మాట.”

*

మంగళవారం అంతా వాన ముసురు. సాబిరా కొల్లేరు కథ తీసేసే పనిలో ఉంది. తీసేయడం ఒక్క నొక్కుతో అయిపోయే పనే. అయితే తీసేముందు చదివింది.

టిల్బరీ ఊరు కూడా చిత్తడి నేలల మధ్య ఉండేదిట. వారపత్రిక నడిపేవాడు, అచ్చు వేసేది తనే, అమ్మేది తనే. వాళ్ళ ఊరి సరస్సుని చుట్టూ ఉన్న పెద్దమనుషులు గట్లు వేసి ఆక్రమించుకుంటూ పోతుంటే ఆయన దాని గురించి ఒక కథ రాశాడు. మాస్టారు దాన్ని తెచ్చి కొల్లేట్లో దింపారు. కథలో ఒక వలవాడు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి, సరస్సు కనపడటం లేదని ఫిర్యాదు ఇస్తాడు. ఎస్సై కాగితం తీసుకుని పద్ధతి ప్రకారం అడుగుతాడు.

“చివరిసారి చూసినప్పుడు ఒంటిమీద ఏం బట్టలున్నాయి?”

“గుర్రపుడెక్కండి. ఆకుపచ్చది.”

ఆ రోజు సాబిరా కీబోర్డు మీద తల పెట్టుకుని నవ్వింది. స్క్రీన్ నిండా ఒకే అక్షరం బారులు తీరింది. మాస్టారు టిక్కు పెట్టి, ఆగి, పక్కన ఇంకో టిక్కు పెట్టారు. పుస్తకం మొత్తంలో రెండు టిక్కులున్న చోటు అదొక్కటే.

ఆమె పాత ఫైలుని అలాగే ఉంచి, కొత్త ఫైల్లో ఆ ఏడు పేజీలూ ఎంపిక చేసి తీసేసింది.

చివరి అధ్యాయం టిల్బరీ జీవితం. దాని మీద ఎర్ర సిరా లేదు. ఆయన పోయాక ఆయన బావమరిది, చర్చిలో పాస్టరు, రచనలన్నీ సేకరించి అచ్చు వేశాడు. బడిపిల్లలకి పనికొచ్చేలా మోటుమాటలన్నీ శుభ్రం చేశాడు. అరవై ఏళ్ళు ఆ దేశం పిల్లలు ఆ పుస్తకం చదివి, తాతలు దీనికెందుకు నవ్వారా అని ఆశ్చర్యపోయారు. చివరికి దాణా కొట్టు అటకమీద అసలు పత్రికల కట్ట దొరికింది. ‘బావమరిది ఆయన్ని ఎంతో ప్రేమించాడు. అదే అతను చేసిన నేరం,’ అని ముగించారు మాస్టారు. కింద పాండురంగారావు గారు పెన్సిల్‌తో రాశారు: “అద్భుతం. కళ్ళు చెమర్చాయి. ఎంత అన్యాయం!”

సాబిరా ఆ పెన్సిల్ రాతని చాలాసేపు చూసింది. వెటకారం ఎక్కడైనా ఉందేమోనని వెతికింది. లేదు.

“మామూ, ఇది చూడు.”

హుస్సేన్ వచ్చి నిలబడి చదివాడు. చదివి, మెడ గోక్కున్నాడు. “ఆయనకి తెలీట్లేదు.”

“అదే కదా.”

“మనది టైపు కొట్టే పని సాబిరా. నవ్వే పని కాదు.”

“మాస్టారు నాకిచ్చిన పని అదే మామూ.”

అతను జిరాక్స్ మిషన్ మూత ఎత్తి, అద్దం తుడిచి, మళ్ళీ మూశాడు. అద్దం శుభ్రంగానే ఉంది.

సాయంత్రం దాకా ఆమెకి ఒకటే ఆలోచన. మాస్టారు వద్దనాలి. ఎలా అంటారు? పక్షవాతంతో మాట పోయి పది నెలలైంది. కుడిపక్క చచ్చుబడింది. ఎడమ చెయ్యి బాగుంది, తల కదులుతుంది. వద్దంటానికి మనిషికి ఆ రెండూ చాలవా? చాలా తక్కువతో వద్దనగలడు మనిషి. కొంచెం మొహం తిప్పుకున్నా చాలు. అలా తనకి తాను చెప్పుకుంటూ నూట ఎనభై పేజీలూ ప్రింటు తీసింది. ఆ మొహం ఇప్పుడు ఆయన అదుపులోనే లేదన్న సంగతి మాత్రం ఆలోచించకుండా దాటేసింది.

*

బుధవారం మధ్యాహ్నం బండి దిగి తాడేపల్లిగూడెంలో నడుస్తుంటే ఉల్లిపాయల లారీల వాసన ఇంటిదాకా వెంట వచ్చింది. తలుపు తీసింది మాస్టారి భార్య సత్యవతి గారు. చేతికి పిండి ఉంది.

“రా సాబిరా. పొద్దుట్నుంచీ గుమ్మం వైపే చూస్తున్నారు. నువ్వొస్తావని చెప్పాలే.”

మాస్టారు కిటికీ పక్కన వీల్‌చైర్లో ఉన్నారు. గెడ్డం గీశారు. ఒళ్ళో తువ్వాలు, దాని కింద చేతులు. సాబిరాని చూడగానే నవ్వారు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత ఛాతీ, తర్వాత నోరు తెరుచుకుంది. శబ్దం చాలా కింది నుంచి వచ్చింది, బావిలోంచి బొక్కెన తాడు రాసుకుంటూ వచ్చినట్టు. ఆగలేదు. కళ్ళు మాత్రం నవ్వలేదు. అవి ఎప్పట్లాగే ఆమె వేళ్ళ మీద ఉన్నాయి.

“కూర్చో. కాసేపట్లో తగ్గుద్ది.” సత్యవతి గారు ఆయన నోరు తుడిచింది. “మా తమ్ముడు పోయాడని కబురు చెప్పినప్పుడూ ఇలాగే నవ్వారమ్మా. ఇంటినిండా జనం. ఎటు చూడాలో తెలీలేదు నాకు. ఇది నవ్వు కాదంటారు డాక్టరు గారు. లోపల ఏదో నరం పట్టు తప్పిందిట.” ఆవిడ తువ్వాలు సర్దింది. “అయినా ఏడ్చేకంటే నయం కదూ? ఏదైతేనేం, చూట్టానికి నవ్వే.”

సాబిరా స్టూలు లాక్కుని ఆయనకి ఎడమ పక్కన కూర్చుంది. షాపులో ఇన్నాళ్ళూ ఆయన తన పక్కన కూర్చున్న వైపు ఇది. ప్రూఫులు ఒళ్ళో పెట్టుకుంది.

“మాస్టారూ, పాండురంగారావు గారు కొన్ని మార్చారండీ. చదువుతాను. మీకు వద్దనిపిస్తే చెయ్యి ఎత్తండి. తల ఊపినా సరే. మీరు వద్దంటే పాతదే వేస్తారు. మాటిచ్చారు.”

ఆయన నవ్వారు.

చదివింది. మొదటి కథ, రెండో కథ. గొంతులో ఏ రంగూ లేకుండా, చనిపోయినవాళ్ళ ఆస్తి జాబితా చదివినట్టు చదివింది. చెడ్డగా చదివితే ఆయనకి తెలుస్తుందేమోనన్న ఆశ. ‘సరోవర సౌందర్యము’ అని కొల్లేరు కథ స్థానంలో పెట్టిన అరపేజీ వ్యాసం కూడా చదివింది. ప్రతి పేరాకీ ఆయన నవ్వారు. నవ్వి నవ్వి ఎక్కిళ్ళు పట్టాయి. చేతులు తువ్వాలు కిందే ఉన్నాయి.

“ఎంత బాగా నవ్వుతున్నారో!” సత్యవతి గారు పిండి చెయ్యి కడుక్కుని, ఫోను తెచ్చి పట్టుకుంది. “నువ్వు చదువు సాబిరా, ఆపకు. పాండురంగారావు అడిగాడు, వీడియో తియ్యండమ్మా అని.”

“అమ్మగారూ, ఇది… మీరే అన్నారు కదండీ, ఇది నవ్వు కాదని.”

ఫోను వెనక నుంచి ఆవిడ చూసింది. ఆ చూపులో కోపం లేదు. “తెలుసమ్మా. ఆదివారం నాలుగొందల మంది ముందు కూర్చోబెడతారు. ఎందుకు నవ్వుతున్నారో వాళ్ళకి తెలీక్కర్లేదు. హాస్యం పుస్తకం రాసిన మనిషి, నవ్వుతున్నారు అనుకుంటారు. ఆ ఒక్క రోజైనా నేను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. చదువు తల్లీ.”

సాబిరా చదివింది. వీడియో వెళ్ళిపోయింది.

టీ ఇంకా చల్లారకముందే సత్యవతి గారి ఫోను మోగింది; ఆవిడ దాన్ని సాబిరా చేతికిచ్చింది. పాండురంగారావు గారి గొంతు గదంతా వినపడింది. “చూశానమ్మా! కడుపు నిండిపోయింది. ఎన్నాళ్ళైంది ఆయన్ని అలా చూసి! మండలి గ్రూపులో పెట్టాను, అందరూ చప్పట్లే. నా మనసులో కూడా చిన్న ముల్లు ఉండేదమ్మా, నేను తప్పు చేస్తున్నానేమోనని. అది తీసేశారు మాస్టారు. హుస్సేన్‌కి చెప్పేశాను, కొత్త ఫైలు ప్రెస్సుకి వెళ్ళిపోయింది. నువ్వు హాయిగా టీ తాగి రా.”

సాబిరా ఫోను ఇచ్చేసి, చెదిరిన ప్రూఫులు ఒక కట్టగా చేర్చబోయింది. పైన నలభై ఒకటో పేజీ ఉంది. ‘నా భర్త మితభాషి.’ దాని మూల పట్టుకోబోతుంటే తువ్వాలు కదిలింది.

మాస్టారి ఎడమ చెయ్యి బయటికి వచ్చింది. మెల్లగా, గాలిలో దారి వెతుక్కుంటూ వచ్చి, కాగితం అంచు పట్టుకుంది. లాగింది. ఆమె వదిలేసింది. ఆయన దాన్ని తెచ్చి తన ఒళ్ళో పెట్టుకుని, మీద అరచెయ్యి వేశారు. మొహం నవ్వుతూనే ఉంది. భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి. ఆ అరచెయ్యి మాత్రం కదల్లేదు.

మళ్ళీ రాయాల్సిన పేజీ.

ఆయన లోపలే ఉన్నారు. ఇంతసేపూ ఉన్నారు. ఆ నవ్వు వెనక, తాళం వేసిన గదిలో మనిషిలా కూర్చుని, ఆమె మొహం చూస్తూ, ఆమె ఒక్కసారీ నవ్వలేదని లెక్కపెట్టుకుంటున్నారు.

తన ఫోను తీసుకుని వరండాలోకి పరిగెత్తింది.

“సార్, మాస్టారు పేజీ వెనక్కి తీసుకున్నారండీ.”

“ఏ పేజీ?”

“నలభై ఒకటి. లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నారు. నచ్చకపోతే అలాగే చేసేవారండీ షాపులో. వద్దంటున్నారండీ.”

అటువైపు నుంచి చాలా మెత్తగా, “అమ్మా సాబిరా. మొట్టమొదటి పుస్తకం. ఇన్నేళ్ళ తపస్సు. దాచుకోవాలనిపించి ఉంటుంది తల్లీ. నేనైనా దాచుకుంటాను.”

“కాదండీ…”

“మనందరం చూశాం కదమ్మా ఎంత ఆనందంగా ఉన్నారో.”

ఫోను పెట్టేసింది. నలుగురు చూసింది నవ్వు. తను చూసింది ఒక కాగితం జరగడం. ఆ కాగితం భాష తెలిసిన వాళ్ళు ప్రపంచంలో ఇద్దరే, అందులో ఒకరికి మాట లేదు. హుస్సేన్‌కి చేసింది. “ప్రెస్సువాళ్ళు అచ్చుకి ప్లేట్లు కూడా చేసేశారంట, ఇంక మార్చలేరంట,” అన్నాడు. ఆ వెంటనే, “నువ్వు ఇంటికొచ్చెయ్ సాబిరా,” అన్నాడు.

గదిలోకి వచ్చేసరికి ఆయన ఒళ్ళో ఇంకో రెండు కాగితాలున్నాయి. ఆమె మిగిలిన కట్ట ఒళ్ళోకి తీసుకుని స్టూలు మీద కూర్చుంది. ఆయన చూస్తున్నారు. పేజీ వెనక్కి తీసుకున్నాక ఎప్పుడూ ఇలాగే చూసేవారు, వచ్చేవారం బాగుచేసి తెస్తానులే అన్నట్టు. ఆయనకి వచ్చేవారం లేదు. ఆదివారం ఉంది. శాలువా ఉంది.

ఆమెకి ఒక్కటే దారి తోచింది. ఈ పేజీ బాగుందని ఆయన నమ్మాలి. నమ్మి స్టేజీ మీద కూర్చోవాలి. ఆయనకి తను ఇవ్వగలిగింది ఇక అదొక్కటే.

ఆయన అరచేతి కిందున్న వాక్యాన్ని చదివింది. “నా భర్త మితభాషి.” చదివి, నవ్వింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచి, భుజాలు ఊపి, అచ్చం షాపులో నవ్వినట్టే నవ్వింది. వంటింట్లోంచి సత్యవతి గారు కూడా శ్రుతి కలిపింది. “అబ్బ, ఇద్దరూ ఇద్దరే!”

మాస్టారి నవ్వు ఆగింది.

పది నెలల్లో ఎవరూ ఆపలేని నవ్వు, కుళాయి కట్టేసినట్టు ఆగింది. మొహం నిమ్మళంగా, ముసలిగా, ఆయన మొహంలా ఉంది. ఆయన ఆమె మొహం చూడటం లేదు. సాబిరా ఆయన చూపు వెంట కిందికి చూసింది.

తన ఎడమ చేతి వేళ్ళు ఒళ్ళో ఉన్న కట్ట అంచుల మీద నడుస్తున్నాయి. పేజీల మూలలు ఒకటొకటిగా విడదీసుకుంటూ పోతున్నాయి, సరిచూసుకునేటప్పటి అలవాటు. నవ్వుతున్నంతసేపూ నడుస్తూనే ఉన్నాయి. ఒక్క క్షణం కూడా ఆగలేదు. షాపుకి వచ్చిన మొదటి నెలలో ఒకసారి, జ్వరంతో వచ్చిన మాస్టారు నొచ్చుకుంటారని తను మొహమాటానికి నవ్వితే, ఆయన కాగితం తీసుకుంటూ అన్న మాట ఒక్కటే. “నవ్వావు గానీ వేళ్ళు ఆగలేదమ్మా.”

ఇప్పుడు అనలేదు. చెయ్యి చాచి, ఆమె ఒళ్ళోంచి కట్ట మొత్తం తీసుకున్నారు. బరువుకి చెయ్యి వాలితే ఆమె అడుగున అరచెయ్యి పెట్టి ఆయన ఒళ్ళోకి చేర్చింది. ఆయన దాని మీద తువ్వాలు కప్పి, తువ్వాలు మీద చెయ్యి వేశారు.

“ఐదింటి బండి దాటిపోద్దేమో చూసుకో సాబిరా,” అంది సత్యవతి గారు లోపల్నుంచి.

“వెళ్తానండీ,” అంది సాబిరా. వేళ్ళు ఇప్పుడు ఆగి ఉన్నాయి. ఆయన వాటినే చూస్తున్నారు.